పూలు పెట్టుకున్న అమ్మ బొమ్మ
(ఉగాది ఉత్సవాల సభలో, బాలబాలికల చిత్రప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో తెలుగు భాష గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడగడం ఆనవాయితీ. సాయంకాలం తరగతులకు పిల్లలు రావడం లేదని నేను చెప్పడం, పెద్దలు తల ఊపడం కూడా ఆనవాయితీ అయిపోయింది. ఈసారి ఆ సంగతి పక్కనబెట్టి బొమ్మల గురించి మాట్లాడతానని కార్యవర్గం వారికి మనవి చేసుకున్నాను. వారు దయతో ఒప్పుకున్నారు. ఈ హాలు వరండాలో తాళ్లకు బట్టలక్లిప్పులతో తగిలించి ఉన్న నీటిరంగుల బొమ్మలు మీరు వచ్చేటప్పుడే చూసి ఉంటారు. అన్నిటిలోనూ ఒక స్త్రీ, ఆమె దగ్గర కొన్ని పూలు. ఈ ఒక్క విషయాన్నే పిల్లలకు ఎందుకిచ్చాము, అందులో వచ్చిన చిక్కేమిటి, ఆ చిక్కు వల్ల మేము నేర్చుకున్నదేమిటి అనేదే నేటి నా ప్రసంగం.

ముందుగా ఇద్దరు చిత్రకారులను తలచుకుందాం. ఇద్దరూ పుట్టింది ఒకే సంవత్సరం, 1897లో. ఒకరు గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు గారు. ఇంకొకరు ఐరావతి డెల్టాలో పంటనా అనే ఊళ్లో పుట్టిన ఊ బా న్యాన్ గారు. ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరి కథలోనూ పోలిక ఉంది. రామారావు గారి చేతిలోని విద్యను రాజమండ్రి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని తిరిగి వచ్చి, సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. బా న్యాన్ గారు రంగూనులోని బర్మా ఆర్ట్ క్లబ్బులో ఇంగ్లీషువారి వద్ద నీటిరంగులు నేర్చుకుని, 1921లో లండను వెళ్లి చదివి, తిరిగి వచ్చి ఇక్కడి వారికి నేర్పారు. ఇద్దరూ పాశ్చాత్యుల పద్ధతి నేర్చినవారే. ఇద్దరూ ఆ పద్ధతిలో తమ దేశపు మనుషులను, తమ దేశపు వెలుతురును చిత్రించినవారే.

రామారావు గారు మశూచి సోకి 1925లో కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. అంత తక్కువ ఆయుర్దాయంలో నూటికి పైగా నీటిరంగుల చిత్రాలు వేశారు. వాటిలో ఒకదాని పేరు ‘పుష్పాలంకారం’. స్త్రీ పూలు అలంకరించుకోవడం ఒక మహా చిత్రకారుడు పూనుకోదగిన విషయమని మన వాళ్లకు ఆనాడే తెలుసునన్నమాట. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. ఈ మాట మన ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. రామారావు గారి చిత్రాలు నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో భద్రంగా ఉన్నాయి. మీలో ఎవరైనా తాతల ఊళ్లు చూడటానికి వెళితే, ఒక పూట అక్కడ గడపండి.

ఇక మన శ్రీకాకుళం వారికి మరీ దగ్గరివాడు వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి 1992లో గతించారు. ‘చందమామ’, ‘యువ’ పత్రికల అట్టల మీద ‘వ.పా.’ అనే సంతకం చూసినవారు ఈ సభలో ఇంకా కొందరున్నారు. ఇండియా నుంచి ఎవరైనా వస్తే ఆ పత్రికలు తెచ్చేవారు. ఒక్కొక్కటి పది ఇళ్లు తిరిగి, అట్ట చినిగిపోయాక ఆ అట్ట మాత్రం గోడకెక్కేది. వ.పా. గారి స్త్రీలకు నీలి నీడలు, నారింజ వెలుగులు ఉంటాయి. మనిషి వంటికి అటువంటి రంగు ఎక్కడైనా ఉందా అంటే లేదు. కానీ ఆ మనిషి మనసులో ఉన్నది ఆ రంగేనని చూసినవారికి తోస్తుంది. నీటిరంగులో ముఖం వేసేటప్పుడు పోలిక ఒక్కటే చాలదు, భావం కూడా రావాలని పిల్లలకు చెప్పడానికి ఆయన చిత్రాలకు మించిన పాఠం నాకు దొరకలేదు.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పూలు పెట్టుకున్న అందగత్తె బొమ్మ అమ్ముడుపోయే సరుకు. ఇంగ్లీషు చిత్రకారుడు జెరాల్డ్ కెల్లీ 1908లో బర్మా వచ్చి, ఇక్కడి నర్తకీమణులను చిత్రించి ఎంతో పేరు తెచ్చుకున్నాడు. తరువాత లండనులో రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు కూడా. చేయి తిరిగినవాడే, కాదనను. కానీ ఆ దారిన పోయి, ఆ తరువాత కాలెండర్లకు, హోటళ్ల గోడలకు ఎన్ని వేల బొమ్మలు తయారయ్యాయో మనం చూస్తూనే ఉన్నాము. అదే నవ్వు, అదే గొడుగు, అదే పువ్వు. ఆ అమ్మాయి పేరేమిటని అడిగితే చెప్పేవాడు లేడు. మా పిల్లలకు మేము పెట్టిన మొదటి నియమం ఇదే: మీరు వేసే స్త్రీకి ఒక పేరుండాలి. ఆమె మీ ఇంటి మనిషో, మీ వీధి మనిషో అయి ఉండాలి.

రెండవ నియమం, ఆమె దగ్గరున్న పువ్వుకు కూడా పేరుండాలి. రెండు భాషల్లో ఉండాలి. ఇక్కడే నా తెలుగు తరగతి పనికివచ్చింది. పిల్లలకు ‘సబే’ తెలుసు, మల్లె తెలియదు. సంతలో మూర చొప్పున కొనే పూల పేరే పాఠంలో చదువుతున్నారని వారికి తోచలేదు. ఇక్కడ ‘సగా’ అన్నది మన సంపెంగ. ‘గంగో’ అన్నది నాగకేసరం. వేసవిలో పసుపుపచ్చని గుత్తులు వేలాడే ‘ఙూ’ చెట్టు మన రేల చెట్టు. ‘గందమా’ చేమంతి. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ‘ఖయే’. తెల్లవారేసరికి నేల మీద రాలి ఉండే చిన్న నక్షత్రాల వంటి పూలు. పిల్లలు ఏరి దారానికి గుచ్చుతారు. అది మన పొగడపువ్వే. ఎండినా వాసన పోని పువ్వు. మన తాతలు కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి ఓడ దిగి ఇక్కడి వీధుల్లో నడిచినప్పుడు, మాట తెలియని దేశంలో పొగడపూల వాసన ఒక్కటైనా తెలిసినదై ఉంటుంది.

ఇక్కడిదే అయిన పువ్వు కూడా ఉంది, పడౌక్. మన వేగిస చెట్టుకు, రక్తచందనానికి అది దాయాది. నిండా మొగ్గలతో ఉండి, వేసవి ఎండల్లో మొదటి వాన పడ్డాక చెట్టంతా ఒక్కసారి పసుపుపచ్చగా పూస్తుంది. ఒక్కరోజే. మన ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు తింజాన్ వస్తుంది. ఆ నాలుగు రోజుల్లో పడౌక్ రెమ్మ జడలోనో ముడిలోనో లేని ఆడపిల్ల ఈ ఊళ్లో కనబడదు. మన ఆడవాళ్లు పూలను దండగా అల్లి జడ పొడుగునా పెట్టుకుంటారు. బర్మా ఆడవాళ్లు ముడికి ఒక పక్కన రెమ్మ తురుముకుంటారు. మన ఇళ్లలోని ఆడపిల్లలు పండుగనాడు దండ, బడికి వెళ్లేటప్పుడు రెమ్మ. వరండాలోని బొమ్మల్లో మీకు రెండూ కనబడతాయి.

ఇప్పుడు పనిలోని మెళకువలు కొంచెం చెబుతాను. పిల్లల శ్రమ పెద్దలకు తెలియాలి.

నీటిరంగుకు తెలుపు లేదు. కాగితమే తెలుపు. నూనెరంగులోనైతే నల్లని జుట్టు వేసి, ఆరాక దాని మీద తెల్లని మల్లెలు పెట్టవచ్చు. నీటిరంగు పారదర్శకం కనుక నలుపు మీద తెలుపు నిలవదు. అంచేత మల్లెలు ఎక్కడ ఉంటాయో ముందే నిర్ణయించుకుని, అంతమేరా కాగితాన్ని ముట్టకుండా వదిలి, చుట్టూ జుట్టు వేయాలి. మల్లెదండను వేయడమంటే నిజానికి దండను వేయకపోవడమే. పదేళ్ల పిల్లవాడికి ఇది బోధపడటానికి మూడు ఆదివారాలు పట్టింది. కాగితం తడిగా ఉండగా రంగు పెడితే అంచులు కరిగి మబ్బులా వ్యాపిస్తుంది. ఆరిన కాగితం మీద పెడితే గీత నిలుస్తుంది. చెంపలు తడి మీద, కనురెప్పలు పొడి మీద వేయాలి. జుట్టును నలుపు రంగుతో వేయవద్దంటాను. నీలం, గోధుమ రంగులు కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది.

వంటి రంగు మరొక పాఠం. రంగుల పెట్టెలో లేత గులాబీ రంగు ఒకటుంటుంది. పిల్లలందరూ ముఖానికి ముందు దాన్నే తీస్తారు. మీ అమ్మ చేతి పక్కన ఆ రంగు పెట్టి చూడమన్నాను. నవ్వారు. మట్టిరంగు, పసుపు, కొంచెం ఎరుపు, నీడల్లో కొంచెం నీలం కలిపి, ఎవరి ఇంటి రంగు వారు తయారుచేసుకున్నారు. నలుపంటే చిన్నతనపడే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ అలవాటును మాటలకన్నా ఈ రంగుల పళ్లెమే ఎక్కువ కదిలించిందని నా నమ్మకం. చెంపల మీది తనఖా పూత అన్నిటికన్నా కష్టం. ఇక్కడి వాళ్లు తనఖా అరగదీసే ‘చౌక్ ప్యిన్’ చూస్తే మన గంధపుసాన గుర్తుకు వస్తుంది. ఆ పూత ఆరాక లేత పసుపుగా, కింది చర్మం కొంచెం కనబడేట్టు ఉంటుంది. ముందు చర్మపు రంగు పలచగా వేసి, పూత ఉన్నచోట తడి కుంచెతో రంగును తీసివేయాలి.

ఇక వాతావరణం సంగతి. వానాకాలంలో యాంగోన్‌లో నీటిరంగు వేయడమంటే తపస్సే. ఉదయం వేసిన పూత మధ్యాహ్నానికి కూడా ఆరదు. మంచి నూలు కాగితం దిగుమతి సరుకు, ప్రియమైపోయింది. ఒక పెద్ద తావును ఎనిమిది ముక్కలు చేసి పంచాము. బొమ్మలను బీరువాలో పెడితే బూజు పడుతుంది. గాలి ఆడేచోట, ఎండ తగలనిచోట ఉంచాలని ఇళ్లకు తీసుకువెళ్లే పెద్దలకు మనవి. సాయంకాలం కరెంటు నమ్మకం లేదు, దీపపు వెలుతురులో రంగులు తెలియవు. అందుకే ఈ తరగతి ఆదివారం ఉదయానికి మారింది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను.

మొదటి నెలలోనే పిల్లలు అమ్మలను, అక్కలను, పక్కింటి అత్తలను వేశారు. తరువాత కొందరు నాయనమ్మలను, అమ్మమ్మలను, తాతమ్మలను వేస్తామన్నారు. చూసి వేద్దామంటే ఫోటోలు లేవు. ఎందుకు లేవో మీకందరికీ తెలుసు. 1931 లెక్కల నాటికి ఈ నగరం జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. కానీ మన తెలుగువారిలో వచ్చినవారు అత్యధికులు రేవుల్లో, మిల్లుల్లో పనికి వచ్చిన మగవారు. ఆడవారు బహు తక్కువ. వచ్చిన కొద్దిమందీ ఫోటో స్టూడియో గడప తొక్కే స్థితిలో లేరు. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాయి. 1942లో లక్షలాది మంది అరకాను దారిన, అస్సాం దారిన నడిచిపోయారు. ఎందరో దారిలోనే పోయారు. తిరిగి వచ్చినవారు మళ్లీ సంసారాలు నిలబెట్టుకున్నాక, 1960లలో దుకాణాలు జాతీయమై మరొక వలస. విశాఖపట్నంలో ఈనాటికీ బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఇన్నిసార్లు మూటలు కట్టిన ఇళ్లలో ఫోటోలు మిగలడం కష్టమే.

కనుక పిల్లలను ఇంట్లో పెద్దలను అడిగి రమ్మన్నాము. ముక్కు ఎలా ఉండేది, కళ్లు ఎలా ఉండేవి అని అడిగితే పెద్దలకు సరిగా గుర్తు రాలేదు. ఒకరొకటి చెబితే ఇంకొకరు కాదన్నారు. కానీ ఏ పూలు పెట్టుకునేదని అడిగితే వెంటనే చెప్పారు. ‘సంపెంగ అంటే చెవి కోసుకునేది.’ ‘పొద్దున్నే లేచి పొగడపూలు ఏరి కొంగులో తెచ్చేది.’ ఆ పువ్వు దగ్గర మొదలుపెడితే మాట సాగి, ముడి ఎంత ఉండేది, చెవికి కమ్మలుండేవా, నవ్వితే ఏ పక్క పన్ను కనబడేది, అన్నీ ఒకటొకటిగా బయటికి వచ్చాయి. ముఖానికి దారి పువ్వు చూపించింది.

అప్పుడు కొన్ని ఇళ్లలో మరొక జవాబు వచ్చింది. ‘ఆమె పూలు పెట్టుకునేది కాదు. మా తాత చిన్నప్పుడే పోయాడు.’

మన సంప్రదాయంలో భర్త పోయిన స్త్రీకి ఏమేమి తీసివేస్తారో నేను వివరించనక్కరలేదు. 1942 తరువాత అటువంటి స్త్రీలు మన ఇళ్లలో ఎందరో! ఇరవై ఏళ్లు, పాతికేళ్లు వయసువాళ్లు. పక్కింటి బర్మా స్త్రీ భర్త పోయినా పూలు పెట్టుకుని పగోడాకు వెళ్లివస్తుంటే, మన అమ్మమ్మలు గోడ ఇవతల నిలబడి చూశారు. ఒకే వీధి, ఒకే దుఃఖం, రెండు నియమాలు.

మా తరగతిలో ఒక ఆడపిల్ల తన ముసలి మామ్మ బొమ్మ వేసింది. ఆ మామ్మ ఇంకా ఉన్నారు. వయసు ఎనభై దాటింది. పాతికేళ్లకే భర్త పోయాడు. నలభై ఏళ్లు బజారులో మల్లెలు అల్లి అమ్మి పిల్లలను పెంచారు. వేల మూరలు అల్లిన ఆ చేతులు ఒక్క మొగ్గ తలలో పెట్టుకోలేదు. మనవరాలు బొమ్మలో ఆమె ముడి చుట్టూ మల్లెదండ వదిలింది. వదిలింది అనే అంటున్నాను, తెలుపు గురించి చెప్పాను కదా. ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరపెట్టారు. అశుభమన్నారు, నలుగురూ చూస్తే ఏమంటారన్నారు. నా దగ్గరకు వచ్చారు. సంప్రదాయం నేర్పవలసిన తెలుగు మాస్టారే ఇలా చేయిస్తే ఎలాగండీ అని గట్టిగానే అడిగారు.

నేను వారికి చెప్పిన మాటే మీకూ చెబుతాను. దామెర్ల వారు పుట్టిన ఆ రాజమండ్రిలోనే కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి ఇరవై అయిదేళ్ల ముందే, 1856లో, చట్టం వచ్చింది. అంటే ఆ ఆచారాన్ని ఎదిరించడం కూడా మన సంప్రదాయమే. మన తాతలు ఓడెక్కి వచ్చేటప్పుడు మూటల్లో తెచ్చుకున్నవాటిలో వేమన పద్యాలతోపాటు ఈ పాత నియమమూ వచ్చింది. రెండింటినీ సమానంగా దాచుకోవలసిన పనిలేదు. ఒక్కటి దాచుకుని ఒక్కటి పారవేయవచ్చు. ఇది నా అభిప్రాయం. కోపం వచ్చినవారు క్షమించాలి, కానీ మార్చుకోను.

అయితే బొమ్మ ఎవరిదో ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. మనవరాలు బొమ్మ పట్టుకుని వెళ్లి చూపించింది. ఆ మామ్మ చాలాసేపు చూశారట. ‘బాగుందమ్మా, కానీ ఈమె నేను కాదు. తలలో వద్దు, ఒళ్లో పెట్టు. నా పూలు అక్కడే ఉండేవి’ అన్నారట. ఆ పిల్ల ఏడ్చింది. పెట్టుకునే హక్కు ఇద్దామనుకుంటే మామ్మే వద్దందని. నేను చెప్పాను: ఒకప్పుడు ఆమెను అడగకుండా పూలు తీశారు, ఇప్పుడు ఆమెను అడగకుండా మనం పెట్టకూడదు. ఆమె చెప్పినట్టు వేయి.

రెండవ బొమ్మ వేసింది. వరండాలో ఎడమవైపు చివర ఉంది, చూడండి. తలలో ఏమీ లేదు, నెరిసిన ముడి. ఒళ్లో వెదురుబుట్ట నిండా మల్లెలు. చేతివేళ్ల మధ్య దారం. ముఖంలో మాత్రం జాలిపడవలసినది ఏదీ లేదు. పని తెలిసిన మనిషి ముఖం అది. మొదటి బొమ్మను కూడా చింపలేదు. మామ్మే తన మంచం పక్క గోడకు పెట్టించుకున్నారు. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదట. మనమూ అడగవద్దు.

సోదరీ సోదరులారా, సమయం మించిపోతున్నది. రెండు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది, ప్రతి బొమ్మ వెనుక పిల్లలు తెలుగులో మూడు పంక్తులు రాశారు. ఆమె పేరు, ఆమె పెద్దల ఊరు, ఆమె పువ్వు. అక్షరాలు వంకరగా ఉండవచ్చు, గుణింతం తప్పి ఉండవచ్చు. తప్పులు నేను దిద్దుకుంటాను, మీరు తిప్పి చదవండి. చదవలేనివారు పిల్లల చేత చదివించుకోండి. మూడు పంక్తులు చదవగల పిల్లవాడు మరునాడు నాలుగవది చదువుతాడు.

రెండవది, మీ ఇళ్లలో ఉన్న పెద్ద ఆడవాళ్లను, వారు ఉండగానే, ఏ పూలు ఇష్టమని అడగండి. భర్త ఉన్నారా లేరా అని చూసుకోకుండా అడగండి. వారు తలలో పెట్టుకుంటామంటే కొనితెచ్చి ఇవ్వండి. ఒళ్లో పెట్టుకుంటామంటే అలాగే ఇవ్వండి. వద్దంటే ఊరుకోండి. కానీ అడగండి.